గాలయ్య సాక్ష్యం

పాడైన వస్తువు పట్టుకుని ఎవరైనా కొలిమి దగ్గరికి వస్తే, కమ్మరి గాలయ్య వాళ్లను మాట్లాడనిచ్చేవాడు కాదు. "జర ఆగుండ్రి, దాన్నే చెప్పనియ్యుండ్రి" అనేవాడు. తాళమైతే చెవి దగ్గర పెట్టుకుని చిన్నగా ఊపేవాడు. బండి ఇరుసైతే కళ్లు మూసుకుని చేత్తో తడిమేవాడు. ఆ తర్వాతే ఆకురాయి అందుకునేవాడు. ఆయన కూతురు యాదవ్వ నాకీ సంగతులన్నీ చెప్పింది.

మెదక్ ఖిల్లా గుట్ట కింది వాడలో ఆయన కొలిమి ఉండేది. నాగలి కర్రులు, గొడ్డళ్లు, కొడవళ్లు ఇంటికి అన్నం పెట్టేవి. తుపాకులు మాత్రం ఆయనకు ఇష్టం. చిన్నతనంలో మదార్ సాబ్ అనే ఉస్తాదు దగ్గర నాలుగేళ్లు ఉండి భర్మార్ తుపాకుల పని నేర్చుకున్నాడు. గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే నాటు తుపాకులవి. చేలమీద పడే పందులను బెదరగొట్టడానికి రైతులు వాడేవాళ్లు. మదార్ సాబ్ పోయాక చుట్టుపక్కల ఏ భర్మార్ మొరాయించినా గాలయ్య దగ్గరికే వచ్చేది. వాటిని బాగు చేయడానికి ఆయన దగ్గర సర్కారు లైసెన్సు కాగితం కూడా ఉండేది.

1947 చలికాలంలో ఒక మధ్యాహ్నం కొలిమి ముందు మోటారు కారు ఆగింది. అల్లాదుర్గ్ వైపు ఒక దేశ్‌ముఖ్ ఇంటి చిన్న కొడుకు ఇంద్రకరణ్ దిగాడు. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. పట్నంలో చదువుకున్నాడు. తుపాకులంటే అతనికీ పిచ్చే. విప్పడం, మార్చడం, మళ్లీ బిగించడం, ఇదే పని. ఇంతకుముందు రెండుసార్లు వేట తుపాకులు తెచ్చి గాలయ్య పక్కన నేలమీదే కూర్చుని చూశాడు. దొరబిడ్డ అలా కూర్చోవడం వాడకట్టంతా వింతగా చెప్పుకుంది.

ఈసారి కంబళిలో చుట్టి తెచ్చింది వేట తుపాకి కాదు. మూరెడు గొట్టం, పక్కకు పొడుచుకొచ్చిన తూటాల డబ్బా. పెద్ద యుద్ధంలో సిపాయిలకు ఇచ్చిన స్టెన్‌గన్. తుపాకే అయినా పిస్తోలు తూటాలే వేసుకుంటుంది. మీట నొక్కి పట్టుకుంటే డబ్బా ఖాళీ అయ్యేదాకా పేలుతూనే ఉంటుంది. సికింద్రాబాద్ సైనిక దండు నుంచి ఎవరో దొంగతనంగా దాటించి అమ్మితే కొన్నాడు.

"రెండు గుండ్లు పేలుతది, మూడోది ఇరుక్కుంటది" అన్నాడు ఇంద్రకరణ్. "నెల రోజులసంది పరేషాన్ అయితున్న గాలయ్యా. చెయ్యనిది లేదు."

గాలయ్య దాన్ని విప్పి గోనెపట్టా మీద పరిచాడు. ఒక్కొక్క ముక్కనూ ఎండకేసి తిప్పి చూశాడు. చెయ్యనిది లేదన్నది నిజమే. లోపలి స్ప్రింగు తీసేసి గట్టిది వేశాడు. తూటాలు సులువుగా ఎక్కాలని డబ్బా మూతిని ఆకురాయితో రాచాడు. రాసుకునే చోటల్లా మెరుగు పెట్టాడు. ఇనుప పిడికి బదులు జిట్రేగి కట్టెతో అందమైన పిడి తొడిగించాడు.

"దొరా, ఒక మాటంటే తప్పు పట్టకుండ్రి" అన్నాడు గాలయ్య. "దీన్ని చేసినోడు మోటుగ చేసిండు. గని తెలివిగ చేసిండు. దుమ్ము పడ్డా బురద పడ్డా నడవాలెనని వదులు వదులుగ ఇడిసిండు. మీరు సక్కదనం చెయ్యవోయి గా వదులంత తీసేసిండ్రు."

"అంటే నేను చేసిందంత చెడగొట్టుడేనా?"

"పిడి మంచిగున్నది."

ఇంద్రకరణ్ నవ్వేశాడు. తర్వాత, దేనికి ఈ తుపాకి అని గాలయ్య అడగకుండానే, తనే చెప్పాడు. "రజాకార్లు ఒకదిక్కు, ఎర్రజెండ సంగపోళ్లు ఒకదిక్కు. గడిని కాపాడుకోవాలె గద. లేకుంటె అడివిల పందులకు పనికొస్తది."

ఆ పని గాలయ్యకు పదిహేను రోజులు పట్టింది. చేసిందల్లా ఇంద్రకరణ్ చేసిన మార్పులు ఒక్కొక్కటే వెనక్కి తీయడం. పాత స్ప్రింగు మళ్లీ వేశాడు. డబ్బా మూతి దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా తూటా తలెత్తి గొట్టానికి అడ్డం పడుతోంది. చివరికి అదీ కుదిరింది. ఇద్దరూ కార్లో పోచారం అడవి అంచుకు పోయి ఒక మట్టికట్ట ముందు నిలబడ్డారు. డబ్బాలో ముప్పై తూటాలు పెట్టి గాలయ్యే మీట నొక్కాడు. ముప్పై పేలాయి. ఒక్కటీ ఆగలేదు. మళ్లీ నింపి ఇంద్రకరణ్ పేల్చాడు. ఆగలేదు.

ఆ సాయంత్రం గాలయ్య ఇంట్లో అడుగు పెడుతూనే పెళ్లాం సిద్దమ్మకు అంతా చెప్పాడు. చేతులు తిప్పుతూ, తూటా ఎలా ఎక్కుతుందో, ఎక్కడ తట్టుకునేదో చూపించాడు. ఆమె రొట్టెలు చేస్తూ వింది.

"దేన్ని కొట్టనీకెనట?" అంది.

"పందులనట."

"పందికి గన్ని గుండ్లెందుకయ్యా?"

గాలయ్య చేతులు కడుక్కున్నాడు. రొట్టె తిని పడుకున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయానని, అదే తర్వాత తనను ఎక్కువ బాధపెట్టిందని ఆయన కూతురితో చెప్పాడట.

నాలుగు నెలలు గడిచాయి. యాసంగి పంట కల్లాల్లోకి వచ్చింది. సర్కారు లెవీ పేరిట ఊళ్లలో ధాన్యం తీసుకుపోతున్న రోజులవి. తినే గింజలు పోను మిగిలితేనే ఇస్తామని అల్లాదుర్గ్ దగ్గర ఒక ఊరివాళ్లు వడ్లరాశి చుట్టూ కూర్చున్నారు. ఆ ఊరి లెవీ వసూలు ఇంద్రకరణ్ ఇంటివాళ్ల చేతిలోనే ఉంది. అతను ఐదుగురు మనుషులతో వచ్చాడు. కారు దిగి తుపాకి పైకెత్తి లేవమన్నాడు. ఎవరూ లేవలేదు. వెనక నుంచి ఎవరో మట్టిపెడ్డ విసిరితే అది అతని భుజానికి తగిలింది. ఇంద్రకరణ్ మీట నొక్కాడు.

ఎల్లం అనే ముసలాయన అక్కడికక్కడే చనిపోయాడు. ఐలవ్వ అనే ఆవిడ కుడి అరచేతిలోంచి తూటా దూసుకుపోయింది. మరో ఇద్దరికి కాళ్లకు గాయాలయ్యాయి.

ఆ కబురు మర్నాడు పొద్దుటికల్లా మెదక్ అంగడికి వచ్చింది. చెప్పినవాళ్లంతా ఒకే మాట చెప్పారు. ఆగకుండా పేలిందట. గాలయ్య కొలిమిలో నిప్పు ఆర్పేసి ఇంట్లోకి పోయాడు.

రెండు రోజుల తర్వాత ఇంద్రకరణే వచ్చాడు, కారు లేకుండా, నడుచుకుంటూ. గడ్డం గీసుకోలేదు. కొలిమి ముందు నిలబడి, "రెండుతోని ఆగుతదనుకున్న గాలయ్యా" అన్నాడు.

"నేను బాగు చేసిన గద దొరా."

"చేతికి పాత అలవాటే ఉన్నది. రెండు పేలంగనే ఆగుతదని నొక్కిన. ఆగలె. భయంతోని వేలు బిగుసుకున్నది, తియ్యరాలె."

"ఒక్కొక్కటే పేలెతట్టు పెట్టుకునె బొత్తం పక్కకు ఉన్నది, చూపిచ్చిన."

"యాదికి రాలె."

 ఇంద్రకరణ్ వచ్చినదారినే పోయాడు.

ఐలవ్వను మెదక్ మిషన్ దవాఖానలో చేర్చారని తెలిసి, ఒక రోజు గాలయ్య అక్కడికి పోయాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి మణికట్టు దాకా గుడ్డపట్టీలు. తానెవరో చెప్పి, "గా తుపాకి బాగు చేసింది నేనే చెల్లె" అన్నాడు.

ఆమె తలెత్తింది. "నువ్వు చెయ్యకుంటె?"

"రెండు పేలి ఆగుతుండె."

"మొదటి రెండు నేలకే తాకినయ్. నేను చూసిన" అంది ఐలవ్వ. "మరెందుకు చేసినవ్?"

"పాడైంది కండ్ల ముంగట ఉంటె నా చేతులు ఊకోవు. గిది ఎవరి మీదికి పోతదని అడగలె."

"మంచిగ చెప్పినవ్" అని ముఖం తిప్పుకుంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో గాలయ్యకు తెలియలేదు. పోవడానికి లేస్తుంటే, వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. "ఈ వేళ్లు వంగయని చెప్పిండ్రు. కొడవలి ఎట్ల పట్టుకోవాలె? ఎడమచేత్తోని కోసి చూస్తనంటె మా వదినె నవ్వుతున్నది."

ఇంకో వారానికి ఇంద్రకరణ్ ఇంటి గడిలో గుమాస్తా ప్రకాశం ఒక కాగితం తెచ్చాడు. నెమ్మదైన మనిషి. అరుగు మీద కూర్చుని చదివి వినిపించాడు. కమ్మరి గాలయ్య చేసిన మరమ్మతులో లోపం వల్ల తుపాకి దానంతట అదే పేలినదని, చేతిలో ఉన్నవారి తప్పు లేదని అందులో రాసి ఉంది.

"విచారణకు ఆఫీసరు వస్తుండు. నువ్వు నిశానీ పెడితె అయిపోతది గాలయ్యా. చెయ్యరాక చేసినవ్ అంటరు. జుర్మానా వేస్తరు, దొరనే కడ్తడు. పెట్టకుంటె లైసెన్సు లేని తుపాకిని ముట్టినందుకు నీమీదనే కేసు. జైలు."

"రేపు చెప్త" అన్నాడు గాలయ్య.

ప్రకాశం పోయాక సిద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. అంతా విన్నది. "నీ పని చెడ్డదని నువ్వే ఒప్పుకుంటె రేపు కర్రు కొట్టియ్యనీకె ఎవడొస్తడు?" అంది.  ఆమె భయం కర్రుల గురించి కాదు, జైలు గురించని గాలయ్యకు తెలుసు. అయినా ఆ ఒక్క మాటే అని లోపలికి పోయింది. ఆమె ఇంకేమైనా అడిగి ఉంటే తను ఏం చేసేవాడో తెలియదని గాలయ్య అనేవాడు.

విచారణ చావడిలో జరిగింది. ఆఫీసరు బయటి జిల్లా నుంచి వచ్చినవాడు. బల్ల మీద తుపాకి ఉంది. గోడ పక్కన కుర్చీలో ఇంద్రకరణ్ తలవంచుకుని కూర్చున్నాడు.

"ఈ తుపాకి దానంతట అదే పేలిందా?" అని అడిగాడు ఆఫీసరు.

"లేదు హుజూర్. నొక్కితేనె పేలుతది. ఇడిస్తె ఆగుతది."

"నీ మరమ్మతులో లోపం ఉందని ఇక్కడ రాశారు."

"నేను రాయలె. ముప్పై గుండ్లు నేనే పేల్చి చూసిన. ఒక్కటి తప్పు పోలె. అనుమానముంటె గిప్పుడు చూడుండ్రి."

"ఇలాంటి తుపాకి ముట్టడానికి నీకు లైసెన్సు ఉందా?"

"భర్మార్లకున్నది. దీనికి లేదు."

"అయితే నేరం చేశావు."

"చేసిన. గది రాసుకోండ్రి" అన్నాడు గాలయ్య. బల్ల మీది తుపాకి వైపు చెయ్యి చూపి మళ్లీ చెప్పాడు. "ఎల్లం పానం నా రిపేరు చెడ్డదై పోలె హుజూర్. నా రిపేరు మంచిగున్నందుకే పోయింది. గది గూడ రాయుండ్రి."

రాసే మనిషి కలం ఆపి ఆఫీసరు వైపు చూశాడు. రాయమని ఆఫీసరు తల ఊపాడు. చదివి వినిపించాక గాలయ్య దాని కింద వేలిముద్ర వేశాడు. ప్రకాశం తెచ్చిన కాగితం నిశానీ లేకుండా అలాగే పక్కన ఉండిపోయింది.

ఆయనకు ఆరు నెలల శిక్ష పడింది. జైల్లో బావి గిలక కిర్రుమంటుంటే మూడో రోజే బాగు చేశాడు. ఆ తర్వాత తాళాలు, గొళ్లేలు, వంటశాల పొయ్యి. సిద్దమ్మ రెండుసార్లు వచ్చి చూసి పోయింది. కొలిమిని ఆమె మూయలేదు. కూతురిని తిత్తి ఊదమని, సమ్మెట తనే పట్టి, చిన్న చిన్న పనులు చేసి ఇచ్చింది. కర్రులు వంకర వచ్చాయని ఎవరూ అనలేదట.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం రాజ్యం ముగిసింది. ఇంకో మూడు వారాలకు గాలయ్యను వదిలారు. ఊళ్లో ఉన్న తుపాకులన్నీ అప్పజెప్పాలని చాటింపు వేశారు. తహసీల్ కచేరీ ఆవరణలో తుపాకులు కట్టెల మోపుల్లా పడ్డాయి. చాలావాటిలో మందు కూరి ఉంది. ఎప్పుడు ఏది పేలుతుందోనని సిపాయిలు దగ్గరికి పోవడానికి జంకారు. ఎవరో గాలయ్య పేరు చెప్పారు.

ఎనిమిది రోజులు ఆయన ఒక్కడే చెట్టునీడన కూర్చుని ఒక్కొక్కదాన్ని ఖాళీ చేశాడు. ఎవరెవరో సొంతంగా చేసుకున్నవి, అతుకులు వేసినవి, కత్తిరించినవి, తీగ చుట్టినవి ఎన్నో వచ్చాయి. కొన్ని పేల్చినవాడి ముఖాన్నే పేలేలా ఉన్నాయి. కొన్నింటిలో మంచి ఉపాయం ఉంది. అలాంటిది చేతికి వస్తే కాస్త ఎక్కువసేపు చూసి, తల పంకించి, కుప్పలో పెట్టేవాడు. ఒక్కటీ పేలలేదు. ఎవరికీ గీత పడలేదు.

చివరి రోజు అక్కడి అధికారి పిలిచి, పోలీసు ఆయుధాల మరమ్మతుకు మనిషి కావాలి, చేరతావా అని అడిగాడు. నెల జీతం.

"చేన్లు కోతకొచ్చినయ్ సార్" అన్నాడు గాలయ్య. "కొడవండ్లు కొట్టాలె."

అందరి కొడవళ్ల కన్నా ముందు ఆయన ఒకటి కొట్టాడు. మామూలుది కాదు, ఎడమచేతికి. అలాంటిది ఆయన అంతకుముందు చేయలేదు, చూడనూ లేదు. అది చంకన పెట్టుకుని అల్లాదుర్గ్ దారి పట్టాడు. ఐలవ్వ చేనుగట్టు మీద కూర్చుని ఉంది. కొడవలిని తిప్పి తిప్పి చూసింది.

"జైలుకు పోయినవట."

"పోయిన."

"చావడిల నువ్వు చెప్పింది మా ఊరంత విన్నది" అంది. ఎడమచేత్తో పిడి పట్టుకుని చేలోకి దిగి కుడిచేత్తో నాలుగు వరికర్రలు అదిమి పట్టి లాగింది. వరి తెగలేదు, జారింది. కొడవలి వంపును ఎడమకు తిప్పాడు కానీ, కక్కు మాత్రం అలవాటు కొద్దీ కుడిచేతికి కోసినట్టే కోశాడు. అంచుకు ఉండే ఆ సన్నటి పండ్లు వ్యతిరేక దిక్కుకు ఉన్నాయి.

గాలయ్య తిరిగి మెదక్ పోయి రెండోది చేశాడు. అది తెగింది కానీ, వంగని వేళ్ల చెయ్యి వరిని గట్టిగా పట్టలేక, కొస వచ్చి ఆమె మోకాలికి తగిలేది. ఆయన గట్టు మీద కూర్చుని, ఆమె ఎలా పట్టుకుంటుందో ఒక పూటంతా చూశాడు. మాట్లాడనివ్వలేదు. మూడోది పొట్టిగా, పిడి కాస్త లోపలికి వంచి చేశాడు. కుడిచేతికి వేళ్లకు బదులు వరిని దగ్గరికి లాక్కునే ఒక కొక్కెం చేసి, తోలుపట్టీతో మణికట్టుకు కట్టాడు. ఆ పట్టీ ఒరుసుకుంటోందంటే మెత్తటి తోలు వేశాడు. జారిపోతోందంటే ఇంకో కట్టు పెట్టాడు.

ఆ రోజు ఐలవ్వ ఒక సాలు కోసింది. పక్క సాళ్లలో ఉన్నవాళ్లు ముందుకు పోయారు. ఆమె వెనకబడింది. ఆగలేదు మాత్రం. సాలు చివరికి వచ్చి నడుం నిలబెట్టి, "ఇంక జర బరువు తియ్యి" అంది.

"తీస్త" అన్నాడు గాలయ్య.

నిజాం హయాంలో మూసేసిన ఎల్లం కేసును కొత్త ప్రభుత్వంలో మళ్లీ తెరిచారు. రెండేళ్లు నడిచింది. చావడిలో గాలయ్య వేలిముద్ర వేసిన కాగితం ఉండబట్టి, తుపాకి దానంతట అదే పేలిందన్న మాట నిలవలేదు. ఇంద్రకరణ్‌కు మూడేళ్లు పడింది. పైకోర్టులో ఒకటిన్నర ఏడాదికి తగ్గింది. బయటికి వచ్చాక అతను ఈ వైపు రాలేదు. మూడేళ్లు పడ్డ రోజు గాలయ్య సంతోషించాడా అని యాదవ్వను అడిగాను. లేదంది. ఆ రోజు కొలిమి పెట్టలేదు, అంతే. పొద్దంతా కూర్చుని పాత తాళాలు విప్పి మళ్లీ బిగించాడట.

ఐలవ్వ కొడవలి సంగతి ఊళ్లు తిరిగింది. మరుసటి కోతలకు రేగోడ్ నుంచి ఇద్దరు వచ్చారు. రామాయంపేట నుంచి ఒక ఆడమనిషి తన అత్తను తీసుకుని వచ్చింది. వీళ్లెవరికీ చేతులకు దెబ్బలు లేవు. పుట్టుకతోనే ఎడమచేతివాళ్లు. ఇన్నేళ్లూ కుడిచేతి కొడవళ్లతో, చెయ్యి వంకర తిప్పి కోస్తూ, సోమరులని మాటలు పడుతూ వచ్చారు. ఇంతమంది ఉన్నారని గాలయ్యకు ఆ ఏడే తెలిసింది. ఆ కోతకాలంలో అలాంటివి పదకొండు కొట్టాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి కొడవలి ఎడమచేతిదే కొట్టేవాడు. అడిగినవాళ్లు లేకపోయినా, కొట్టి గోడకు తగిలించేవాడు. ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోయేవాళ్లు.